పాలుకు పెట్టిన ప్లేటు

వాన నీళ్లు గ్లాసుడు కంటే ఎక్కువ మిగల్లేదు. జమాల్ బాషా స్టీలు క్యాను వంచి అడుగున ఉన్నవి కూడా చెంబులోకి ఒంపుకున్నాడు. కుంకుడు నురగ అంటిన వేళ్లతో గ్రామఫోను ప్లేటును అంచుల దగ్గర పట్టుకుని, నీళ్లను సన్నటి ధారగా దాని మీద వదిలాడు. బోరు నీళ్లతో కడిగితే ఆరాక గీతల్లో తెల్లగా ఉప్పు మిగులుతుంది, పాటంతా చిటపటలాడుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆయన ఒకప్పుడు ఇరవై ప్లేట్లు పాడుచేసుకున్నాడు. అప్పటి నుంచి కదిరిలో చినుకు పడితే చాలు, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాకిట్లోకి తెస్తాడు. ఇవి కిందటి అక్టోబరులో పట్టిన నీళ్లు. మృగశిర కార్తె వచ్చి వారమైంది. మబ్బు ఉంది గానీ దిగే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"అజీ, చాయ్ సల్లారిపోయింది," అంది అమీనాబీ గడపలోంచి. "తాగే నీళ్లు కొనుక్కుంటాండాం. నీ ప్లేట్లకేమో వాన నీళ్లు. పెండ్లికొడుక్కి గూడా ఇంత సేవ చెయ్యరు."

"నీకు గూడా చేసినా గదా."

"ఎప్పుడు?"

ఆయన నవ్వి చాయ్ అందుకున్నాడు.

అరవై నాలుగేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నలభై ఏళ్లు ఆంప్లిఫయరు పెట్టె మోసి ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్లు కిందికి దిగింది. మైకు గొట్టాల పక్కనే కూర్చుని కూర్చుని కుడి చెవి సగం పోయింది. ఊళ్లో అందరికీ మైకుసెట్టు బాషానే. మూడు వందల పల్లెల్లో పెళ్లిళ్లకు పాటలు వేశాడు. ఆ పెళ్లిళ్ల ఆల్బంలు అన్నీ తిరగేసినా ఆయన ముఖం ఒక్కదాంట్లోనూ ఉండదు. ఎక్కడో షామియానా గుంజ వెనక ఒక మోచెయ్యి కనిపిస్తే అది ఆయనదే. ఇప్పుడు కుళ్లాయప్ప సౌండ్ సర్వీసులో వైర్లు చుట్టే పని చేస్తున్నాడు. పని లేని రోజుల్లో తన దగ్గరున్న ఎనభైల నాటి చిన్న ప్లేట్లూ రీమిక్సులూ ఒక్కొక్కటే ఫోన్లోకి ఎక్కించి, పాత పాటల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో పెడతాడు. ఎవరు ఏ పాట అడిగినా పంపుతాడు. ఊరికే ఎందుకు పంచుతావని ఎవరన్నా అంటే, పాట ఒక్కడే వింటే సగమే వినపడుతుందని అంటాడు.

చేతిలో ఉన్న ప్లేటు మాత్రం అచ్చంగా ఆయనది కాదు.

బెంగళూరులో ఎవరో చిన్న కంపెనీ వాడు పల్లె కోలాటం పాట ఒకటి తీసుకుని, దానికి యంత్రం డప్పు జోడించి, పాడిన ఆడమనిషి గొంతును ముక్కలు చేసి మళ్లీ మళ్లీ పలికించి, కవరు మీద డిస్కో మిక్స్ అని అచ్చేశాడు. ఆమె పేరు వెయ్యడం మరిచిపోయాడు. ఎనభై ఏడులో ఒక ఆదివారం, బెంగళూరు సంతలో, పాత ప్లేట్ల కుప్పలో బాషా దాని మీద చెయ్యి వేసేసరికి ఇంకో చెయ్యి కూడా దాని మీదే పడింది. ఎత్తయిన మనిషి, పెద్ద మీసాలు, భుజాన ఎర్ర తుండు.

"ఏమప్పా, నువ్వెవురు? యాడ మీది?"

"కదిరి. మైకుసెట్టు."

"నాది గూడా అదే పని. బెళుగుప్ప, నా పేరు చెన్నప్ప. ఇంత దూరమొచ్చి మనం మనం పీక్కుంటే ఈడోళ్లు నగుతారు. గొర్రెను పాలుకు పెట్టుకున్నట్ల పెట్టుకుందాం పా."

ఒక జీవాన్ని ఇద్దరు కలిసి కొని, చెరి సగం వాటాగా పాలుకు పెట్టుకోవడం ఆ పక్క మామూలే. పాటను పెట్టుకున్నవాళ్లు వీళ్లిద్దరే. ఉగాది నుంచి దసరా దాకా ప్లేటు బెళుగుప్పలో, దసరా నుంచి ఉగాది దాకా కదిరిలో. రెండు అట్టల మధ్య పెట్టి, పాత పంచెలో చుట్టి, బస్సు డ్రైవరు చేతికిస్తే అది వెళ్లేది, వచ్చేది. షరతు ఒక్కటే. ఏ ఫంక్షన్‌కూ దాన్ని గడప దాటించకూడదు. మనిషిని మనిషి పదిసార్లు కూడా చూసుకోలేదు గానీ, ముప్పై ఏడేళ్లు ఆ మాట చెల్లింది.

శివరాత్రి దాటిన వారంలో తప్పింది బాషానే.

ఒక పెళ్లిలో కొత్త డీజేల వాళ్లు ఆయన్ని ఆటపట్టించారు. నీ కాలంలో రీమిక్సులు ఎక్కడివి పెద్దాయనా అన్నారు. ఆయనకు రోషం వచ్చింది. మరునాడు అదే పెళ్లికి ప్లేయరుతో పాటు ప్లేటు తెచ్చి వాళ్ల పెద్ద పెద్ద స్పీకరు పెట్టెల్లో వేశాడు. పెళ్లివారంతా ఎగిరారు. పెళ్లికూతురి తాత కూడా కర్ర పక్కన పడేసి నాలుగు అడుగులు వేశాడు. జీవితంలో మొదటిసారి జనం బాషా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో ప్లేటును వ్యాను అద్దం ముందు పెట్టి అన్నానికి కూర్చున్నాడు. అరగంట తర్వాత వచ్చి చూస్తే ఎండకు ఒక అంచు అప్పడంలా పైకి లేచింది.

ఉగాదికి ప్లేటు బెళుగుప్ప పోలేదు. డ్రైవరు మారాడని ఒకసారి, అమీనాబీకి ఒంట్లో బాగాలేదని ఒకసారి, ఏదో ఒకటి చెప్పాడు. చెన్నప్ప తృప్తి కోసమైనా పనికొస్తుందని, ముల్లు ఎగిరిపోతున్న మూడో చరణానికి ముందే ఆపి, పాటను ఫోన్లోకి ఎక్కించి, చెన్నప్ప కూడా ఉన్న ఆ గ్రూపులో పెట్టాడు. వంపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు ఊగింది. గ్రూపు వాళ్లకు అదే నచ్చింది. ఎనభైల్లోనే ఇంత పనితనమా అన్నారు ఒకరు. ఇది ఎవరి దగ్గరా లేని మిక్సు అని హైదరాబాదు నుంచి ఒకాయన పెద్ద ఉత్తరమే రాశాడు. ఎండకు వంగిన ప్లేటయ్యా అని రాద్దామని బాషా రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాడు. ఆ పొగడ్తలు చదువుకున్నప్పుడల్లా ముందు సంతోషం వేసేది, వెనకే సిగ్గు వేసేది.

ఆ వారమే చెన్నప్ప ఫోన్ చేశాడు.

"పాట ఇన్న్యా బాషా. ప్లేటు బాగుండాది గదా?"

"బ్రహ్మాండంగా ఉండాదన్నా."

"సరే అప్పా," అన్నాడు చెన్నప్ప.

నిన్న సాయంత్రం చెన్నప్ప భార్య మారెక్క ఫోన్ చేసింది. "బాషాన్నా, ఆయప్పకు బాగలేదు. డాక్టరు ఇంటికి తీసకపొమ్మన్న్యాడు. ఒకటే మాట అడగతాండాడు. ప్లేటు ఒక్కతూరి ఎయ్యమంటాడు. ఫోన్లో పెడితే ఇనడు. ఫోన్లో పాట చెనిక్కాయ పొట్టు నమిలినట్ల ఉంటాదంట."

బాషా వస్తానన్నాడు. ప్లేటు సంగతి ఆమెకూ చెప్పలేకపోయాడు.

అందుకే తెల్లవారగానే ఈ స్నానం. ఆరిన ప్లేటును రెండు పటాల అద్దాల మధ్య పెట్టి, మిద్దె మీదికి తీసుకెళ్లి, పైన నాపరాయి ముక్క పెట్టాడు. ఎండే వంచింది కాబట్టి ఎండే దాన్ని సరిచెయ్యాలి. మబ్బు పలచబడి ఎండ ఎక్కుతుంటే పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఎక్కువసేపు ఉంచితే గీతలు కరిగిపోతాయి, తక్కువైతే వంపు పోదు. మిద్దె మీంచి చూస్తే ఊరు దాటి దుక్కి దున్ని పెట్టిన ఎర్రటి చేలు కొండల దాకా ఉన్నాయి. ఆ చేల మధ్య ఎన్ని చెట్లకు గొట్టాలు కట్టాడో. పెళ్లి ఇంటి గొట్టాలన్నీ ఊరి వైపే పెట్టకుండా ఒకదాన్ని పొలాల వైపు తిప్పేవాడు. కలుపు తీసేవాళ్లకు, గొర్రెలు కాసేవాళ్లకు కూడా పాట అందాలని. మధ్యాహ్నం పూట ఎక్కడో దూరంగా ఒక మనిషి ఆగి, తల ఇటు తిప్పి నిలబడటం కనిపించేది. ఆ మనిషి ఎవరో ఎప్పుడూ తెలిసేది కాదు. కళ్లు మూతలు పడుతుంటే ఇప్పుడు కూడా ఆ చేలల్లో చాలామంది అలాగే ఆగి నిలబడినట్టు అనిపించింది.

ఉలిక్కిపడి లేచి అద్దాలు నీడకు జరిపాడు. చల్లారాక తీసి కంటి ఎదురుగా పట్టుకున్నాడు. వంపు చాలా వరకు దిగింది, మొత్తం పోలేదు. కిందికి తెచ్చి వేస్తే, మూడో చరణం దగ్గర ముల్లు ఇంకా ఎగిరి వెనక గీతలో పడింది. మళ్లీ అదే మాట. మళ్లీ ఎగిరింది. మళ్లీ అదే మాట.

"బస్సుకు పొద్దయితాంది," అంది అమీనాబీ. ఆయన ముఖం చూసి, అట్టలు తెచ్చి, తన పాత చీర ముక్కలో తనే ప్లేటును చుట్టింది.

"చెప్పేసెయ్ అజీ. ఆయన ఏమనడు."

"అనకపోతేనే గదా కష్టం," అన్నాడు బాషా.

అనంతపురంలో ఒకసారి, కళ్యాణదుర్గంలో ఒకసారి బస్సు మారాడు. ప్లేటు ఒళ్లోనే ఉంది. ఎండ కిటికీ మారినప్పుడల్లా తనూ సీటు మారాడు. గాలిమరలు ఒక్కొక్కటే దగ్గరికి వచ్చి, తీరుబడిగా తిరుగుతూ వెనక్కి పోయాయి. నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి చూశాడు. ఇంత మెల్లగా తిరిగితే ఏ పాటైనా ఒక జీవితకాలం పడుతుంది అనుకున్నాడు. అన్నా, ప్లేటు నేనే చెడగొట్టినా, అని చెప్పాలి. లేదు, ముందు కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాలి. చప్పట్ల కోసం తీసకపోయినా అన్నా. ఆ మాట పెదాల మీదికి వచ్చేసింది. పక్క సీటులో ముసలమ్మ, తనతో మాట్లాడుతున్నాడనుకుని, "ఏమన్న్యావు నాయనా?" అంది. ఏమీ లేదన్నాడు. నిద్రా మెలకువా కాని మగతలో ఆ పేరులేని ఆడమనిషి గొంతు చెవిటి చెవిలోంచి వినిపిస్తూనే ఉంది, ఎక్కడా ఎగరకుండా.

బెళుగుప్పలో దిగేసరికి అయిదు దాటింది. చెన్నప్ప ఇంటి ముందు మనుషులు ఉన్నారు. చెప్పులు చాలా ఉన్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బాషాకు అర్థమైంది. అయినా కాళ్లు నడుస్తూనే ఉన్నాయి.

మారెక్క లోపలి నుంచి లేచి వచ్చింది. "మూడు గంటలప్పుడు పోయినాడు బాషాన్నా. నీ బస్సు యాడికొచ్చిందో అడగతానే ఉన్న్యాడు."

చెన్నప్పను వాకిట్లో పడుకోబెట్టారు. మీసాలు తెల్లబడ్డాయి, మనిషి సగమయ్యాడు. బాషా తలవైపు నేల మీద చతికిలబడ్డాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు అన్నీ ఉన్నాయి, వినేవాడు లేడు. ఏడుపు ఆగలేదు.

"ప్లేటు నేనే చెడగొట్టినా మారెక్కా," అన్నాడు చివరికి. "ఎండలో పెట్టి మరిచిపోయినా. మాట తప్పి పెండ్లికి తీసకపోయినా. అన్నకు అబద్ధం చెప్పినా."

"తెలుసన్నా. ఫోన్లో పాట ఇన్న రోజే కనిపెట్టినాడు. బాషా ప్లేటును ఎండకు పెట్టినాడే అన్న్యాడు. అడగరాదా అంటి. వాని నోటెంట వాడే చెప్పనీ, అంతదాకా నేను అడగను అన్న్యాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "రా లోపలికి. నీకోసమని నిన్నటి నుంచి తెరిచి పెట్టిచ్చినాడు."

లోపల మంచం పక్కన బల్ల మీద చెన్నప్ప ప్లేయరు ఉంది. మూత తీసి ఉంది, దుమ్ము తుడిచి ఉంది. బాషా చీర ముక్క విప్పి ప్లేటు దాని మీద పెట్టాడు. గుమ్మంలోంచి చెన్నప్ప తమ్ముడు ఎర్రిస్వామి తొంగి చూశాడు.

"సావింట్లో డిస్కో ఏందప్పా? జనం ఏమనుకుంటారు?"

"ఆయప్ప అడిగింది అదే గదా," అంది మారెక్క. "ఎయ్యన్నా నువ్వు. బయటికి ఇనపడేటట్ల ఎయ్యి."

యంత్రం డప్పు మొదలైంది. ఆమె గొంతు వచ్చింది. బయట గొణుగుళ్లు ఆగాయి. మొదటి చరణం అయింది, రెండోది అయింది. మూడోది వస్తుంటే బాషా ముల్లును పట్టుకోవడానికి చెయ్యి ముందుకు చాపాడు. వంపు దగ్గర ముల్లు పైకి లేచింది, కిందికి దిగింది, ఎగరలేదు. పాట ముందుకు సాగిపోయింది. ఆయన నమ్మలేక వంగి చూశాడు.

"అదా?" అంది మారెక్క వెనక నుంచి. "నిన్న సాయంత్రం ఇల్లంతా ఎతికిచ్చినాడు దానికోసం. చేతులు వణికి ఆయప్పకు రాలేదు. ఎట్ల కట్టల్లో చెప్పి నా చేత కట్టిచ్చినాడు. బాషా ప్లేటు ఎగరకూడదు, వాడు చిన్నబోతాడు అన్న్యాడు."

ముల్లు తల మీద, ప్లేటు ఎంత వంగినా ఎగరనివ్వకుండా అదిమి పట్టుకుని, తెల్ల దారంతో రెండు చుట్లు చుట్టి కట్టిన ఒక పాత పావలా బిళ్ల ఉంది.