ఏడు తాళాలూ, నా కొలెస్ట్రాలూ

మా ఆయన తాళాలు చేస్తాడు. ఆయన వేసిన తాళం ఆయన తప్ప ఎవరూ తీయలేరని గొప్ప. అందుకే నా రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ రెండు వందల ఎనభై అని వచ్చిన రోజే నాకు జరగబోయేది తెలిసిపోయింది.

వెన్నకి ఒక తాళం, నూనె అలమారకి రెండు, ఫ్రిజ్‌కి గొలుసుతో సహా ఇంకోటి, అలా పోయిపోయి పంచదార డబ్బాకి ఏడోది. ఉడికించిన క్యారెట్లే మూడు నెలలు తిన్నాను. ఎండాకాలంలో స్వెటర్ వేసుకుని, కుర్చీలోనే కునికిపాట్లు పడుతూ తిన్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే మూడు వందల పది!

"నా తాళం తప్పు చేయదు," అన్నాడు. "ఎక్కడ తింటున్నావో చెప్పు."

"ఒట్టండీ, ఏమీ తినట్లేదు."

"నూనె సీసా మీద నేను గీసిన గీత కంటే నూనె దిగలేదు. అంటే తాగేసి, నీళ్లు పోశావన్నమాట!"

నీళ్లు పోస్తే అడుగున కనిపిస్తాయని పసిపిల్లలకి కూడా తెలుసు. ఈయనకి తెలియదు.

అంతటితో ఊరుకున్నాడా? పక్కనున్న బేకరీకి వెళ్లి, అందరి ముందూ, "మా ఆవిడ దొంగతిండి తింటోంది, బన్ను కూడా ఇవ్వకండి," అని చెప్పొచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి పెరటి దారినే తిరిగాను.

చివరికి డాక్టరమ్మ పొడిబారిన నా చేతులు చూసి, చలేస్తోందా, మత్తుగా ఉంటోందా అని అడిగి, ఇంకో పరీక్ష రాసింది. ఫలితం వచ్చాక మా ఆయన వైపు తిరిగింది.

"ఆవిడ తిండి తప్పు కాదండీ. మెడలో థైరాయిడ్ గ్రంథి మందగించింది. అప్పుడు కాలేయం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ని సరిగ్గా తీసేయలేకపోతుంది. మిగతా కొవ్వులూ పేరుకుంటాయి. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటే మెల్లగా దిగొస్తాయి."

ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే నా తాళాలు మంచివేనన్నమాట!"

నాకు ఒళ్లు మండిపోయింది. "తాళాల సంగతి సరే. మరి నేనో?"

ఇంటికి రాగానే ఆయన ఏడు తాళాలూ తీసి సంచిలో పడేసి, నా చెయ్యి పట్టుకుని బేకరీకి లాక్కెళ్లాడు. లోపల కాలు పెట్టే చోటు లేదు.

"మా ఆవిడ దొంగ కాదు!" అని అరిచాడు. "బద్ధకం ఆమె థైరాయిడ్‌ది. తప్పు నాది."

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. బేకరీ ఆయన భయంభయంగా నన్నడిగాడు. "అయితే... బన్ను ఇమ్మంటారా?"

నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది.

"ఇవ్వండి," అన్నాను. "అందరూ చూస్తుండగా తింటాను."