ఇరవయ్యో దరఖాస్తు

భానుప్రియను ఇంటింటికీ తిప్పాలన్న ఆలోచన మా పాఠశాల కరస్పాండెంట్ దేవరాజులుది కాదు. అది నా వాక్యంలోంచి పుట్టింది. నా ఉద్దేశం వేరన్నది నిజమే. కానీ ఉద్దేశాన్ని ఎవరూ చదవరు, వాక్యాన్నే చదువుతారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నేను ఆ సంగతి మరవకుండా ఉండవలసింది.

అది రెండు వేల ఇరవై ఒకటి, జూన్ నెల. తిరుపతిలో ఉదయం పూట మాత్రమే బయట తిరగనిచ్చేవారు. బడి మూసి ఉంది. బడి పని మాత్రం ఆగలేదు. మధ్యాహ్నాలు ఫోన్లో పాఠాలు చెప్పాలి. ఉదయాలు ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లలను చేర్పించాలి. ప్రైవేటు పాఠశాలల్లో ఈ పని ప్రతి వేసవీ ఉపాధ్యాయుల నెత్తినే ఉంటుంది. మహమ్మారి వచ్చిందని ఆ వేసవిలో ఎవరూ దించలేదు. మనిషికి ఇరవై దరఖాస్తులు తేవాలి. తెచ్చినవారికి వచ్చే ఏడాదీ ఉద్యోగం ఉంటుంది. తేలేనివారి సంగతి అడిగితే దేవరాజులు "చూద్దాం" అన్నాడు. అంతకుముందు ఏడాది ఆయన అలాగే "చూద్దాం" అన్న ఆరుగురూ ఇప్పుడు మాతో లేరు.

భానుప్రియ లెక్కల టీచరు. ఇరవై ఏడేళ్లు. ఆరో నెల. ఆమె భర్త మునిప్రసాద్ పని చేసే లాడ్జి యాత్రికులు లేక రెండోసారి మూతపడింది. ఆ ఇంట్లో మిగిలిన ఉద్యోగం ఆమెదొక్కటే, కాన్పు దాటేదాకా దాన్ని నిలుపుకోవడమే ఆమెకు కావలసింది. గర్భిణులకు టీకా అప్పటికింకా ఇవ్వడం లేదు. నేను రెండు డోసులూ వేయించుకున్నాను. ఆమెకున్న రక్షణ ముఖానికి కట్టిన రెండు పొరల గుడ్డ.

ఇద్దరిద్దరుగా వెళ్లాలన్నారు. మొదటిరోజు భానుప్రియకూ నాకూ కొర్లగుంట వీధులు ఇచ్చారు. గంటన్నరలో నలభై ఒక్క గేట్లు తట్టాను. ముప్పై ఎనిమిది ఇళ్లలో ఎవరూ పలకలేదు. రెండిళ్లలో కిటికీలోంచే చెయ్యి ఊపారు. ఒక పెద్దాయన మాత్రం మేడ మీది నుంచి మాట్లాడాడు.

"ఎవురూ?"

"బడి నుంచి వచ్చాం."

"బడే లేదు, బడి నుంచి ఎట్ల వస్తారు? పోండమ్మా, పోండి!"

నలభై రెండో ఇంటి ముందు భానుప్రియ అలసిపోయి, గేటు పట్టుకుని నిలబడింది. నేను తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా, కడుపుతో ఉండావా? ఎన్నో నెల?" అంది ఇల్లాలు. "అయ్యో, ఎండలో నిలబడుకోనుండావే! రా, లోపలికి రా."

మా ప్రాంతంలో కడుపుతో ఉన్న మనిషిని వాకిట్లోంచే పంపించరు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఏదో ఒకటి తినిపించి, బొట్టు పెట్టి సాగనంపుతారు. ఏడాదికి పైగా తోబుట్టువులను సైతం గడప దాటనివ్వని ఆ ఇంటివారు, ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మాస్కు తీయించి మజ్జిగ తాగించారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు దరఖాస్తు నిండింది. ఆ ఉదయం మొత్తం నాలుగు వచ్చాయి. నాలుగూ ఆమెను చూసి తెరిచిన తలుపులే.

ఆ సాయంత్రం నివేదికలో నేను ఇలా రాశాను: "భానుప్రియ గర్భిణి అయినందున, ఎవరికీ తలుపు తీయని గృహస్థులు సైతం ఆమెను లోనికి పిలుచుచున్నారు. ఇది ఆమెకు మిక్కిలి ప్రమాదకరము కనుక ఆమెను ఈ పని నుండి తప్పించవలసినదిగా కోరుచున్నాను."

మర్నాడు ఆరున్నరకు దేవరాజులు మమ్మల్నందరినీ బడి వరండాలో నిలబెట్టి, నా నివేదిక పైకి చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆపేశాడు.

"మేడం భలే కిటుకు కనిపెట్టినారబ్బా!"

"అది కిటుకు కాదు, హెచ్చరిక. రెండో వాక్యం కూడా చదవండి" అన్నాను.

"చదివినా మేడం. మాస్కు ఉండాది గదా."

"మాస్కు పెట్టుకుని మజ్జిగ తాగరు."

ఎవరో నవ్వారు. ఆయనా నవ్వాడు. "మాటలో మిమ్మల్ని గెలిచేదానికి మా వల్ల కాదు. ఏం భానూ, నువ్వేమంటావు? ఇష్టం లేకుంటే వద్దులేమ్మా, బలవంతం ఏం లేదు."

ఎదుటి మనిషికి రెండో దారి లేదని రూఢిగా తెలిసినప్పుడే ఆ మాట అంత ధారాళంగా నోటికి వస్తుంది. భానుప్రియ నా వైపు చూడలేదు.

"పోతాను సార్" అంది.

ఆ తర్వాత పది రోజులు ఆమెను ఉపాధ్యాయులు పంచుకున్నారు. మరో మాట దొరకడం లేదు నాకు. "ఈపొద్దు భాను మాకు" అని ఒకరు, "మాకు ఇంకా రెండే వచ్చినాయి, చంద్రగిరికి మాతో పంపండి" అని ఇంకొకరు. ఆటోలో ముగ్గురి మధ్య ఇరికి కూర్చుని చంద్రగిరి వెళ్లి, ఎనిమిది ఇళ్లలో ఎనిమిది రకాలవి తిని, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, బియ్యం డబ్బాకు ఫోను ఆనించి ఎనిమిదో తరగతికి బీజగణితం చెప్పేది. కాళ్లు వాచి ఉండేవి. తెరిచిన తలుపు ఆమెదైనా, దరఖాస్తు మీద చేర్పించినవారిగా తోడు వెళ్లినవారి పేరే ఎక్కువసార్లు పడేది. ఆ విధంగా నాకు ఇరవై మూడు వచ్చాయి. అందరిలోకీ ఆమెవే తక్కువ. పదకొండో రోజు సోమవారం. ఆ ఉదయానికి ఆమెకు పద్దెనిమిది.

ఆ రోజు గురవమ్మ అనే ఆవిడ మమ్మల్ని వంటింటి దాకా తీసుకెళ్లింది. మనవళ్లిద్దరూ కొంగు పట్టుకుని తిరుగుతున్నారు. భానుప్రియను పీట మీద కూర్చోబెట్టి, ప్లేటులో వేడి ఉప్మా పెట్టింది.

"తినమ్మా, మొగమాట పడబాక. ఉప్పు సరిపోయిందో లేదో నువ్వే సెప్పు. మూడు దినాలుగా నా నోటికి రుచే తెలియడం లేదు."

భానుప్రియ అప్పటికి రెండు ముద్దలు మింగింది. మూడోది చేతిలోనే ఉండిపోయింది.

"పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగాను.

"జలుబుకు పరీక్షేంది, పంతులమ్మా?" అంది గురవమ్మ. ఆ చేత్తోనే కుంకుమ తీసి భానుప్రియ నుదుట పెట్టింది. "బిడ్డను వాకిట్లోంచే పంపించేస్తే పాపం తగలదా నాకు?"

ఆమె మీద నాకు కోపం లేదు. తన దగ్గరున్న మర్యాదంతా ఆమె చేసింది. ఆ మర్యాద మీద ఇరవై చొప్పున లెక్క కట్టింది మేము.

వీధిలోకి వచ్చాక భానుప్రియ చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పందొమ్మిది, మేడం" అంది.

మంగళవారం ఆమెకు పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలవద్దన్నారు. ఎప్పుడు వస్తుందో చెప్పలేదు. నేను దేవరాజులు ఆఫీసు గదికి వెళ్లి, తలుపు వేసి ఆమె సంగతి అడిగాను.

"శనివారం పదింటికి, వచ్చే ఏడాదికి ఉండేవాళ్ల లిస్టు అంటించేస్తాను మేడం. ఆ పిల్లకు ఒకటే గదా తక్కువ."

"నాకు మూడు ఎక్కువ ఉన్నాయి. ఒకటి ఆమె పేరున మార్చండి."

"రాసిన ఫారంలో పేరు మార్చేది బాగుండదు మేడం. రూల్సంటే మా అందరికంటే మీకే గదా ప్రీతి?"

ఆ రోజూ మర్నాడూ భానుప్రియ పేరు రాసిన ఖాళీ దరఖాస్తు పట్టుకుని నేనొక్కదాన్నే తిరిగాను. అరవై ఎనిమిది గేట్లు. యాభై ఎనిమిదేళ్ల మనిషి వాకిట్లో నిలబడితే ఎవరికీ పాపం తగలదు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

గురువారం ఉదయం పాలకు వెళ్తూ, మా వెనక వీధిలో భానుప్రియను చూశాను. ఒంటరిగా ఉంది. ఒక గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. తలుపు తెరుచుకుంది. వాకిట్లో మూడు నెలల పసిబిడ్డను భుజాన వేసుకుని ఒక ఆమె, ఆమె వెనక ఐదేళ్ల పాప.

"రామ్మా, రా. ఎన్నో నెల?"

నేను ఆలోచించలేదని చెప్పను. ఆ వీధి సగం దాటేంత సేపు ఆలోచించాను. తర్వాత రోడ్డు మీది నుంచే, అందరికీ వినబడేలా అన్నాను.

"లోపలికి పిలవకండి. ఆమె కరోనా పరీక్ష ఇచ్చింది. ఫలితం ఇంకా రాలేదు."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ వరసలో మరో రెండు కిటికీలు మూసుకున్నాయి.

భానుప్రియ గేటు వదలలేదు. "నాకు జొరం లేదు మేడం. వాసన తెలస్తాది. ఉప్పు తెలస్తాది."

"ఫలితం తెలియదు."

"అది ఎప్పుడొస్తాదో ఎవురూ చెప్పరు. లిస్టు మటుకు శనివారమే."

"ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది, భానూ."

"నాకూ ఉండాది."

ఆమె గేటు వదిలి రోడ్డు మీదికి వచ్చింది. "ఆ గురవమ్మను మీరొక్క మాట అనలే. దేవరాజులు సారును ఆఫీసు రూములో తలుపేసుకోని అడిగినారు. నన్ను మాత్రం నడివీధిలో నిలబెట్టి అంటిరి" అని, మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఫోను చేసింది.

"నెగటివ్, మేడం."

"సంతోషం" అన్నాను. ఆ పదం నా చెవులకే అసభ్యంగా వినిపించింది.

"ఆ ఇంటామె దగ్గరికి మీరే పోయి చెప్పల్ల. నేను పోతే తలుపు తీయదు. పెద్ద పాపను ఒకటో తరగతిలో చేర్చాల ఆమె."

శనివారం ఏడింటికి ఆ గేటు ముందు నిలబడి, రెండుసార్లు పిలిచాను. ఇల్లాలు కిటికీ ఊచల వెనక్కి వచ్చింది. పసిబిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. ఫలితం చెప్పాను. భానుప్రియ ఫోనుకు వచ్చిన సందేశాన్ని నా ఫోనులో చూపించాను.

"పోనీలేమ్మా, చల్లంగా ఉండనీ ఆ బిడ్డ. నాకూ రెండు దినాలుగా మనసు మనసులో లేదు."

"ఈ దరఖాస్తు మీద ఒక్క సంతకం చేస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది."

"అయ్యో! నిన్ననే వేరే బడోళ్లు వచ్చి రాయించుకోని పోయినారే."

"మీరు ఎవరికీ తలుపు తీయడం మానేశారనుకున్నాను."

"ఎవురికీ తీయలే, అమ్మతోడు. అయితే ఆ వచ్చిన టీచరమ్మకు ఎనిమిదో నెలంట. నిలబడలేక గోడ పట్టుకోని ఉన్నింది. చూసి ఎట్లుండేది?"

"లోపలికి పిలిచారా?"

"మరి పిలవకుండా పంపిస్తామా?" అంది ఆమె, నన్ను వింతగా చూస్తూ.

పది గంటలకు జాబితా బడి గోడకు అంటించారు. భానుప్రియ పేరు లేదు. నా పేరు మూడోది.