మాటకొక దారి, పాటకొక దారి

తొంభై తొమ్మిదిలో ఆత్మకూరు బస్టాండు పక్కన రాజమోహన్‌కు పాటల రికార్డింగు షాపు ఉండేది. కంప్యూటర్ కొత్తగా తెచ్చాడు. షాపుకు వచ్చినవాళ్లు అడిగిన పాటలను దాంట్లోంచి క్యాసెట్టుకు ఎక్కించే పని జెస్సీది. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటరే ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. అది విని పాట ఏరుకుంటుంది.

చిక్కేమంటే, మాటా పాటా ఒకే దారిన బయటికి వచ్చేవి. పాట నడుమ ఆ మాట కూడా క్యాసెట్టులో పడేది.

"ఏందిరా రాజమోహనా, పాట మధ్యలో దొరసాని తిడతా ఉండాది?" అని క్యాసెట్టు తీసుకెళ్లినవాళ్లు నవ్వేవారు.

రాజమోహన్‌కు కాలు నిలవలేదు. షాపులోకీ బయటికీ తిరిగాడు. "ఆ గొంతు ఆపేయ్ మే. లేదంటే పని మానుకో" అన్నాడు.

జెస్సీ ఆపేసింది. ఈ పని పోతే ఇంకో పని ఇచ్చేవారు లేరు. పాటల వరస మనసులో పెట్టుకొని, తడుముకుంటూ ఎక్కించేది. ఎవరు మెట్టెక్కినా తప్పు పట్టడానికే వచ్చారేమోనని ఉలిక్కిపడేది.

ఉదయగిరి సైమన్ మాస్టరు కూతురి పెళ్లికి క్యాసెట్టు అడిగాడు. ఆ పొద్దున్నే రాజమోహన్ కంప్యూటర్లో కొత్త పాటలు వేశాడు. వరస కిందికి జరిగింది. ఆ సంగతి జెస్సీకి చెప్పాలని అతనికి తోచలేదు.

పెళ్లి పందిట్లో సమాధి దగ్గర పాడే పాట మోగింది. పెళ్లికూతురు ఏడ్చింది.

మరునాడు మొదటి బస్సుకే మాస్టరు దిగాడు. రాజమోహన్‌కు చదువు చెప్పిన మనిషి ఆయన.

"గుడ్డిదాన్ని పెట్టుకోవడం నా తప్పు సార్. ఇయ్యాల్నే పంపించేస్తా" అన్నాడు రాజమోహన్.

"నువ్వుండరా. ఏమ్మా, మునుపు బాగానే ఎక్కించినావే. ఇప్పుడేమైంది?"

"గొంతు ఆపమన్నాడు సార్. అది చదివితేనే ఏ పాటో నాకు తెలిసేది."

"ఆపకుండా దారి లేదా?"

"ఉండాది సార్. శబ్దం పంపే సౌండ్ కార్డు దీంట్లో ఒకటే ఉండాది. ఇంకోటి వేస్తే పాట ఒకదాంట్లోంచి క్యాసెట్టుకు పోతాది, మాట ఇంకోదాంట్లోంచి నా చెవికి పోతాది."

"ముందే చెప్పొచ్చు గదా మే" అని గొణిగాడు రాజమోహన్.

"చెప్పబోతే మానుకోమంటివి గదన్నా."

మాస్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి లాక్కొని, అక్షరం తప్పు చదివినావని నన్ను తిడతావా? నువ్వు చేసింది అదే."

రాజమోహన్ షాపు జెస్సీకి అప్పజెప్పి, కార్డు కోసం నెల్లూరు బస్సెక్కాడు. రెండో కార్డు వచ్చింది. పెళ్లిలో మోగిన పాటను మాత్రం ఎవరూ వెనక్కి తీయలేకపోయారు.

చదివేవారు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. చూపు లేని మనిషికి పని ఇచ్చి, ఆ పని చేసే సాధనాన్ని లాక్కుంటే, తప్పు ఆ మనిషిది కాదు, మనది.