బంగారం మింగిన గాజు

గాజు కార్ఖానా యజమానికి గొప్పలు చెప్పుకోవడమంటే ప్రాణం. కొత్తగా తెరిచే హోటలుకు ఎర్ర కూజాలు కావాలని ఎవరో అడిగారో లేదో, "పైపైన రంగు పూసిచ్చే రకం కాదండీ నేను. బంగారం కరిగించి గాజులోనే కలుపుతాను. ఆ ఎరుపు జన్మలో పోదు" అని కోసేశాడు. కోయడం పూర్తయ్యాక గానీ గుర్తురాలేదు, తన దగ్గర బంగారం లేదని. ఉన్నదల్లా భార్య మెడలో ఉంది.

ఆవిడ గొలుసు తీసిస్తూ ఒకే ఒక్క మాటంది.

"పని మా తమ్ముడికి అప్పగిస్తేనే ఇస్తాను."

ఆ తమ్ముడు కార్ఖానాలోనే కొలిమి దగ్గర పనిచేస్తాడు. పనికి వంక పెట్టలేం గానీ, నోరు విప్పితే కోతలే. ఆ విషయంలో బావకు తగ్గ బావమరిది. గొలుసును ఘాటైన యాసిడ్‌లో కరిగించి, ఆ నీళ్ళు గాజు చేసే ఇసుకలో కలిపి కరిగించి, ఆ గాజును ఊది కూజాలు చేశాడు. తీరా చూస్తే అవి ఏ రంగూ లేకుండా మంచినీళ్ళలా ఉన్నాయి. యజమాని ఒకదాన్ని లాక్కుని వెలుగులో తిప్పి చూశాడు.

"బంగారం ఏదిరా?"

"అందులోనే ఉంది బావా. చల్లారాక మళ్ళీ కాస్త కాల్చాలి. అప్పుడే ఎర్రబడుతుంది."

"సిగ్గుపడి ఎర్రబడ్డానికి అదేమన్నా పెళ్ళికూతురా? నా చెవిలో పూలు పెట్టకు. గొలుసు ఎక్కడ దాచావో చెప్పు, దొంగ వెధవా!"

ఎన్నో అబద్ధాలు నవ్వుతూ నమ్మించిన బావమరిది ఈ ఒక్క నిజాన్ని నమ్మించలేకపోయాడు. పనివాళ్ళందరి ముందూ అంత మాట పడి, చేతి తొడుగులు అక్కడే పారేసి అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు.

యజమాని కోపం అంతటితో ఆగలేదు. కూజాలన్నిటినీ పచ్చ సీసాల గాజు ఉడుకుతున్న కొలిమిలోకి విసిరేశాడు. చివరిది అంచుకు తగిలి పగిలింది. ఒక పెద్ద ముక్క కొలిమి నోటి దగ్గరే ఉండిపోయింది. అతను చూస్తుండగానే ఆ ముక్క గులాబీ రంగుకు తిరిగి, దానిమ్మ గింజలా ఎర్రగా అయింది. గబగబా పటకారుతో లాగాడు. మిగతావన్నీ అప్పటికే సీసాల గాజులో కలిసిపోయాయి.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని భార్య దూసుకొచ్చేసరికి అతను పటకారుతో ఆ ముక్క పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం తడబడి, అంతలోనే ఛాతీ విరిచాడు.

"చూశావా? ఎర్రబడుతుందని నాకు ముందే తెలుసు!"

ఆవిడ ఆ ముక్కను చూసింది, కూజాలు లేని ఖాళీ బల్లను చూసింది. గొలుసు గతేమైందో అర్థమైంది. అయినా దాని ఊసెత్తలేదు.

"అయితే తెలిసే మా తమ్ముణ్ణి దొంగన్నారా?"

పనివాళ్ళు ఊదడం ఆపి అటే చూస్తున్నారు. అతను కోయబోయిన కోతను మింగేసి, పటకారు దించాడు.