విస్కాన్సిన్ జున్ను

నేనూ భోజన్నా కరీంనగర్ జిల్లా వాళ్లం. మా దగ్గర ఏ దేశానికి కూలికి పోయినా దుబాయి పోయాడనే అంటారు. మేం పోయింది మాత్రం సౌదీకి, అల్ ఖర్జ్‌లోని డెయిరీఫారానికి.

1991లో గల్ఫ్ యుద్ధం ముగిసిన కొత్తలో ఎరిక్ అనే అమెరికా సిపాయి పాల కోసం ట్రక్కు తెచ్చాడు. ముందురోజే ఒక ఆవు ఈనింది. దూడ తాగగా మిగిలిన పాలలో బెల్లం వేసి భోజన్న జున్ను వండాడు. జున్ను నలుగురికీ పంచాలన్నది మా పద్ధతే. అయినా సిపాయికి కూడా పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"అమెరికోనికి జున్నేం ఎర్క? ఉమ్మేస్తడు," అన్నాను.

ఎరిక్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత గిన్నె ఊడ్చేసి, గబగబా ఏదో చెప్పసాగాడు. మా కడప డ్రైవరు లాల్ అహ్మద్‌కు ఇంగ్లీషు వచ్చు.

"వాళ్లది అమెరికాలో విస్కాన్సిన్ అంట. యాడ జూసినా ఆవులూ చెరువులేనంట. చలికాలం చెరువు గడ్డకడితే దాని మీదే నడిచిపోతారంట. ఆవు ఈనితే వాళ్ల జేజి, అదే నాయనమ్మ, కూడా ఇట్నే జున్ను చేసి ఇంటింటికీ పంచేదంట."

"ఆమెకెవలు నేర్పిన్రు?" అన్నాను నమ్మకుండా.

"వాళ్ల పెద్దోళ్లది నార్వే దేశమంట. ఆడ సేద్యానికి భూమి చాలక, ఓడెక్కి విస్కాన్సిన్ పోయి ఆవుల్ని సాక్కున్నారంట."

నేను నా గిన్నెలోని జున్నంతా ఎరిక్ గిన్నెలో వేసేశాను.

"చెప్పు లాల్ అహ్మద్! వీళ్ల తాతలు గూడ మన లెక్కనే దుబాయి వోయిన్రని చెప్పు!"