ఎదుటివాళ్ళ తరఫు

నేను మా అత్తగారి దగ్గర జూనియర్ లాయర్ని. మా ఆయనా అక్కడే. ఇప్పుడు మా ఇద్దరి విడాకుల కాగితం తయారుచేసింది కూడా మా అత్తగారే. వింటే నవ్వొస్తుంది కదా? నాకైతే ఒళ్ళు మండుతుంది.

"బయట ఇంకో లాయరు దగ్గరికెళ్ళి నా పరువు తీస్తారా? ఇద్దరూ ఒప్పుకునే విడిపోతున్నారు, ఒక్క లాయరు చాలు. ఆ లాయర్ని నేనే" అని ఆవిడ తేల్చేసింది. మా ఆయన వెంటనే సంతకం పెట్టేశాడు, కొరియర్ కుర్రాడికి పెట్టినంత తేలిగ్గా. కాగితం అప్పట్నుంచీ నా బల్ల మీదే ఉంది. నేను పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

మొదట విడాకులు అడిగింది నేనే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కాగితం చేతికొచ్చేసరికి నా బుర్ర గోడమీద పిల్లి అయిపోయింది. ఆయన తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. పక్కన ఒక మనిషి ఉందన్న స్పృహ ఉండదు, అంతే. తెలియనివాడి మీద కోపం ఎన్నాళ్ళు నిలుపుకుంటాం చెప్పండి? పొద్దున సంతకం పెట్టేద్దామనుకుంటాను. సాయంత్రానికి చొక్కా తిరగేసుకుని ఎదురొస్తాడు, జాలేస్తుంది.

పైగా ఆయన్ని వదిలితే ఈ అత్తగారూ పోతుంది, ఈ ఆఫీసూ పోతుంది. చెప్పుల దుకాణం పైన మూడే మూడు గదులు, రబ్బరు వాసన, గాలి కన్నా చప్పుడెక్కువ చేసే ఫ్యాను. అయినా నాకు పని నేర్పిన చోటు అది. ఆఫీసులో ఆవిడ మేడమ్, ఇంట్లో అత్తయ్య. ఈమధ్య రెండూ కలగాపులగం అయిపోయాయి. మొన్న నిండు కోర్టులో, జడ్జిగారి ఎదుట, "అత్తయ్యా, వాయిదా అడగమంటారా?" అనేశాను. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకర్ని చూశారు.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఏ కేసైనా కోర్టుకెళ్ళే ముందు మేడమ్ గదిలో కూర్చుని ఎదుటివాళ్ళ తరఫున వాదించాలి. ఉత్తుత్తిగా కాదు, గెలవాలి. తెలిసిన పాయింటు ఒక్కటి దాచుకున్నా ఆవిడ ఊరుకోదు. "శత్రువు నోటితో మాట్లాడితేనే మన కేసులో చిల్లులు కనబడతాయి" అంటుంది.

ఆ రోజు ఫోటోగ్రాఫర్ కేసు వంతు వచ్చింది. పాపం ఏదో పెళ్ళికి ఆల్బమ్ చేసిచ్చాడు. పెళ్ళికూతురి పిన్ని అందులో ఒక్క ఫోటోలోనూ లేదు. ఒకచోట మోచెయ్యి మాత్రం పడింది, అది తనదేనని గాజుల్ని బట్టి గుర్తుపట్టిందట. కావాలనే తీసేశాడని ఆవిడ దావా. మేం ఫోటోగ్రాఫర్ తరఫు గనక, మా ఆయన పక్కన కూర్చుని వింటుంటే నేను పిన్నినై వాదించాను. వాదిస్తూ వాదిస్తూ కళ్ళు తుడుచుకున్నాను. ఎవరి పిన్నో, ఎవరి మోచెయ్యో, నాకెందుకు ఏడుపొచ్చిందో నాకే అర్థంకాలేదు.

మేడమ్ ఫైలు మూసింది. "చూడక వదిలేస్తే పొరపాటు. చూసి వదిలేస్తే అవమానం. మనవాడు చూడలేదని నిరూపించండి, చాలు" అని, నావైపు తిరిగింది. "నీ కాగితం సంగతేంటే?"

"ఏమో అత్తయ్యా. ఎటూ తేలట్లేదు."

"తేలని కేసుకి మనమేం చేస్తాం? ఇద్దరూ ఒకరి తరఫున ఒకరు వాదించండి."

నేనూ మా ఆయనా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. గుమస్తాగారు తలుపు దగ్గర ఆగిపోయి, "దీనికి కొత్త ఫైలు తెరవమంటారా మేడమ్?" అన్నాడు.

"ముందు ఆ తలుపు మూయండి, మీరు అవతలుండండి" అంది ఆవిడ.

ముందు నేను. అంటే నేను మా ఆయన తరఫున మాట్లాడాలి. కష్టం అనుకున్నాను గానీ, మాటలు తన్నుకుంటూ వచ్చాయి. ఇన్నాళ్ళూ లోపల్లోపల ఆయన కోసం వాదిస్తూనే ఉన్నాను మరి.

"నా క్లయింటుకి లోకం తెలియదు" అన్నాను. "భార్య మొదటి పెద్ద కేసు గెలిచిన రోజు, గెలిపించిన పాయింటు తన తల్లిదని అందరి ముందూ అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆమె నాన్న కాలు తీసేయాలని డాక్టర్లు చెప్పిన రోజు ఆమె ఒక్కతే ఆస్పత్రి వరండాలో నిలబడింది. సంతకం చేయాలా వద్దా తెలియక ఈయనకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. ఈయన తీయలేదు. ఎలా తీస్తాడు? హియరింగులో ఉన్నాడు, ఫోను సైలెంట్లో ఉంది. తెలిసుంటే పరిగెత్తుకొచ్చేవాడు. చెప్పకుండా అన్నీ తెలుసుకోవాలంటే ఎలా? చెబితే మారే మనిషిని వదిలేయడం న్యాయమా?"

నా వాదన నాకే నచ్చింది. ఇంత మంచిగా వాదించాక సంతకం ఏం పెడతాను అనిపించింది. మా అత్తగారి మొహంలో కూడా ఏదో వెలుగు వచ్చింది, దాన్ని దాచుకోవడానికి కాసిని మంచినీళ్ళు తాగింది.

మా ఆయన లేచాడు. కాలరు సర్దుకున్నాడు. కోర్టులో మంచి పాయింటు దొరికినప్పుడు ఆయన కళ్ళు ఎలా మెరుస్తాయో నాకు తెలుసు. అలా మెరిశాయి.

"తెలియదనడం అబద్ధం" అన్నాడు. "ఆ కేసులో పాయింటు నా క్లయింటుదే. ఆమె పుస్తకాలు ముందేసుకుని వెతుకుతుంటే భర్త గుమ్మంలో నిలబడి చూశాడు. అయినా అమ్మ పేరే చెప్పాడు, లేకపోతే భార్య తన కన్నా పెద్ద లాయరైపోతుందని. ఇక ఆస్పత్రి సంగతి. ఆ రోజు హియరింగు జరగనే లేదు, జడ్జి సెలవు. భర్త కోర్టు క్యాంటీన్లో కూర్చున్నాడు. ఫోను బల్ల మీదే ఉంది. మోగిన ప్రతిసారీ ఆమె పేరు చూశాడు. తీస్తే ఏడుస్తుందని తెలుసు, ఏడిస్తే వెళ్ళాలి, ఆస్పత్రికి వెళ్ళడం ఆయనకి ఇష్టంలేదు. ఆగేదాకా చూసి, ఫోన్ బోర్లా పెట్టి టీ తాగాడు."

మా అత్తగారు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"కాబట్టి," అన్నాడు, ఇంకా అదే ఊపులో, "ఇది తెలియనితనం కాదు. తెలిసీ చేసిన పని. చెబితే మారతాడనే వాదన నిలబడదు." అని కూర్చుని, వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "ఎలా ఉందమ్మా?"

"ఆ రోజు జడ్జి కదలనివ్వలేదని నాతో కూడా చెప్పావు కదరా" అంది మా అత్తగారు.

"అబ్బా, అమ్మా! ఇది నా మాట కాదు. ఎదుటివాళ్ళ తరఫు!"

నాకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది, నాకు కోపం అలవాటే. ఆ వరండాలో చేతిలో కాగితంతో నిలబడి, పాపం ఆయనెక్కడ ఇరుక్కుపోయాడో, తిన్నాడో లేదో అనుకున్నాను చూడండి, ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే జాలేసింది. ఏడ్చాను. మా అత్తగారి ముందు, సిగ్గులేకుండా ఏడ్చాను. తర్వాత నా గదిలోకి వెళ్ళి కాగితం తెచ్చుకుని, ఆవిడ బల్ల మీదే పెట్టి సంతకం చేశాను.

ఆవిడ ఆపలేదు. రెండో పేజీలో కూడా చెయ్యాలని వేలుతో చూపించింది.

మా ఆయన కాగితం వైపూ, నావైపూ మార్చి మార్చి చూశాడు. మొహంలో అయోమయం తప్ప ఇంకేం లేదు.

"అదేంటి? నేను నీ తరఫునే కదా వాదించాను!"

"అవునండీ" అన్నాను. "గెలిపించారు."