ముప్పై నాలుగు మెట్లు

వికలాంగుల పింఛన్ల తనిఖీ శిబిరాన్ని రెండో అంతస్తులో పెట్టారు. ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో గానీ, ఆ కాగితం మీద సంతకం పెట్టిన వాళ్లలో ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు. లిఫ్టు ఉంది. "మరమ్మతులో ఉన్నది" అని దాని తలుపుకి అంటించిన కాగితం ఎప్పటిదో, పసుపు రంగుకి తిరిగింది. కింద వరండాలో పొద్దున్న ఏడింటి నుంచే జనం. పోలియో కాళ్లవాళ్లు, చూపు లేనివాళ్లు, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్లు, యారాడ నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన ముసలివాళ్లు.

సన్యాసిరాజు మెట్లు లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు. ఇరవై రెండేళ్లు పోర్టులో కలాసీగా బరువులు మోసిన మనిషి. ఎడమ తుంటిలో ఇనప రాడ్డు ఉంది, ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. డాక్టరు ముందుకి మనిషిలా వెళ్లాలని ఆ పొద్దున్న గడ్డం గీసుకున్నాడు. భార్య రోజారమణి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

పక్కనే చక్రాల చెక్క మీద మంగాయమ్మ కూర్చుని ఉంది. రెండు కాళ్లూ చిన్నప్పుడే పోలియోకి పోయాయి. బజారులో ఎండుచేపలు అమ్ముకుంటుంది.

"నీ కాయితం నాకియ్యి సెల్లెమ్మా. నాను పైకెల్లి సెప్తాను. నువ్విక్కడే కూకో," అన్నాడు సన్యాసిరాజు.

"ఎక్కగలవేటన్నా?"

"కలాసీనే నాను. మెట్లకి బయపడతానేటి."

రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. అరగంట పట్టింది. పైకి చేరేసరికి ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. డాక్టరు తలెత్తలేదు. ఆయన ముందు సాయంత్రంలోగా తేలాల్సిన కాగితాలు గుట్టగా ఉన్నాయి, ఆయన కళ్లూ పీక్కుపోయి ఉన్నాయి.

"ఎలా వచ్చారు?"

"మెట్లెక్కి వచ్చానండి. ఎవుల సాయం లేకండా," అన్నాడు సన్యాసిరాజు. అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

డాక్టరు రాసుకున్నాడు. మంగాయమ్మ కాగితం చూసి, "మనిషేదీ?" అన్నాడు.

"కిందున్నాదండి. ఎక్కలేదు. మీరొక్కసారి దిగితే..."

"పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే రాలేదనే రాయాలి. రూలది."

ఒకటో తారీఖు తెల్లారగానే సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి, వేలిముద్ర తీసుకుని పింఛను చేతిలో పెట్టి వెళ్లడం అలవాటు. ఆ నెలా రోజారమణి గుమ్మంలో కుర్చీ వేసింది. ఆ అమ్మాయి వచ్చింది గానీ ఆగలేదు. తల దించుకుని పక్కింటికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఒక నోటీసు ఇచ్చింది.

"నా చేతిలో ఏమీ లేదు బాబాయ్," అంది. నిజమే, ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. ఎవరినడిగినా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఈ రాజ్యంలో అన్నీ ఎవరి చేతిలోనూ లేకుండానే జరిగిపోతాయి.

"వైకల్యం ముప్పై ఐదు శాతం. సహాయం లేకుండా మెట్లు ఎక్కగలడు. అనర్హుడు." అదీ సన్యాసిరాజు నోటీసు. మంగాయమ్మ నోటీసులో, "తనిఖీకి హాజరు కాలేదు. పింఛను నిలుపుదల" అని ఉంది.

ఆ పింఛనుతోనే అతని నరాల మాత్రలు వచ్చేవి, గది అద్దె గడిచేది. ఇక రోజారమణి రొయ్యల షెడ్డులో రెండో షిఫ్టు కూడా చెయ్యాలి. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు ఇప్పటికే పగిలిపోయాయి. రాత్రి అన్నం కలుపుకుంటే ఉప్పు తగిలి మంట. 

యూనియన్ ఆఫీసు అంటే హార్బరు దారిలో ఒక రేకుల గది. నేలమీద ఉంది, అది చాలు. ఆదివారం మధ్యాహ్నం నలభై మంది పట్టారు. లా చదువుతూ యూనియన్‌లో పనిచేసే చంద్రిక అందరి నోటీసులూ చదివింది. చదివి చదివి గొంతు బొంగురుపోయింది.

"ఎక్కినవాళ్లకి ఎక్కారని తీసేశారు. ఎక్కలేనివాళ్లకి రాలేదని తీసేశారు," అంది. "అప్పీలుకి ముప్పై రోజులు గడువుంది. స్వయంగా వెళ్లి ఇవ్వాలి."

"ఎక్కడియ్యాలమ్మా?"

"అదే ఆఫీసు. రెండో అంతస్తు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకబోయి మధ్యలోనే చచ్చిపోయింది.

"ఎవుడైనా లీడర్ని పట్టుకుందాం," అన్నాడు సబ్బవరం నుంచి వచ్చిన చూపులేని పెద్దాయన.

"పట్టుకోడానికి నాకు సెయ్యేదీ తాతా?" అన్నాడు నాగవంశీ. పాతికేళ్ల కుర్రాడు. అచ్యుతాపురంలో ఒక షెడ్డులో ప్రెస్సు కింద కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. "కాంట్రాక్టరు నా పేరు హాజరు పట్టీలోనే లేదన్నాడు. ఇప్పుడు గవర్మెంటోడు నాకు సెయ్యి ఉన్నాదంతన్నాడు."

"పోనీ, ఒకల్నొకలం మోసుకుని ఎక్కుదాం," అన్నారెవరో.

"మోసినోడికి బలముందని రాత్తారు. ఆడిదీ పోద్ది."

అరుపులు పెరిగాయి. ఒకరి బాధ మీద ఇంకొకరి బాధ పడి ఎవరి మాటా వినపడలేదు. తప్పంతా తనదేనని సన్యాసిరాజుకి అనిపిస్తోంది. తను ఆ రోజు మీసం మెలేసి ఎక్కకపోతే, మంగాయమ్మని కింద కూర్చోమని చెప్పకపోతే.

"నాదే తప్పు," అన్నాడు పైకే. "నాను ఎక్కకుండా ఉండాల్సింది."

గోడవార కూర్చున్న మంగాయమ్మ అప్పుడు నోరు విప్పింది. "అయితే ఎక్కొద్దు."

అందరూ ఆమెకేసి చూశారు.

"నువ్వొక్కడివే కాదన్నా, ఎవులమూ ఎక్కొద్దు. ఎక్కగలిగినోలు కూడా ఎక్కొద్దు. మెట్ల కింద కూకుందాం. ఆల్లకి కాల్లున్నాయి కదా, ఆల్లనే దిగమందాం."

ఇంత చిన్న మాట ఇంతసేపూ ఎవరికీ ఎందుకు తట్టలేదో. ఇన్నేళ్లూ ఎక్కమంటే ఎక్కడమే అలవాటు మరి.

సోమవారం పొద్దున్న మెట్ల మొదట్లో కూర్చున్నారు. అప్పీలు కాగితాలు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు, అధికారి కిందకి దిగి వచ్చి తీసుకోవాలన్నారు. ఉక్కపోత. గుమాస్తాలు చీరలూ ప్యాంట్లూ ఎత్తిపట్టుకుని వీళ్ల మధ్యలోంచి దాటుకుంటూ వెళ్లారు. కొందరు విసుక్కున్నారు, ఒకామె మాత్రం మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. నినాదాలు ఇచ్చే ఓపిక కూడా అయిపోయింది.

రెండింటికి సూపరింటెండెంటు భీమశంకరరావు దిగి వచ్చాడు. ఆయనకీ మోకాళ్ల నొప్పులే, మెట్టు మెట్టుకీ మొహం చిట్లించాడు. సన్యాసిరాజు పక్కన వంగి గొంతు తగ్గించాడు.

"నీ ఫైలు చూశాను. ఎక్స్‌రేలో రాడ్డు కనిపిస్తూనే ఉంది. నువ్వు పైకి రా, ఇవాళే సరిచేయిస్తాను. నువ్వు లేస్తే మిగతావాళ్లూ లేస్తారు. ఎందుకయ్యా ఈ ఉక్కలో గొడవ?"

షెడ్డులో రోజు కూలి మానుకుని వచ్చిన రోజారమణి ఆ మాట వింది. మొగుడి భుజం పట్టుకుంది. "ఎల్లు మావా. నీదొక్కటైనా వత్తాది." పగిలిన వేళ్లు అతని మొహం ముందు చాపింది. "వీటికేసి సూడు. నాను ఇంకెన్నాల్లు సేత్తాను సెప్పు."

సన్యాసిరాజు ఆ వేళ్లు చూశాడు. మెట్లకేసి చూశాడు. అరగంట చాలు. అరగంట ఓర్చుకుంటే ఆమె రెండో షిఫ్టు తప్పుతుంది.

పోర్టులో బరువు మోసేటప్పుడు ఒక కట్టుబాటు ఉండేది. బరువుకి కట్టిన వెదురు బొంగు భుజానికెత్తాక, మేస్త్రి దించమనేదాకా ఎవడూ భుజం తియ్యకూడదు. ఒకడు తీస్తే వాడి బరువు పక్కవాడి నెత్తిన పడుతుంది. అతనికి దెబ్బ తగిలిన రోజు ఎనిమిది మంది మొయ్యాల్సిన ఇనప దిమ్మకి కాంట్రాక్టరు ఆరుగుర్నే పెట్టాడు. ఆరుగురిలో జ్వరంతో వచ్చిన ఒకడు తట్టుకోలేక భుజం తీశాడు. దిమ్మ వచ్చి సన్యాసిరాజు తుంటి మీద పడింది. వాణ్ని అతను ఎన్నడూ తిట్టలేదు. తిట్టాల్సింది ఆ ఇద్దర్ని తగ్గించినవాణ్ని. కానీ భుజం తీస్తే పక్కవాడికి ఏమవుతుందో అతని ఒంటికి తెలుసు.

"నాను ఎక్కనండి," అన్నాడు. "మీరు నన్నొక్కడ్నే పిలుత్తన్నారు. నాను బుజం తీసీగలను, కష్టమేటి కాదు. మరి నా బరువు ఎవులి మీద పడతాది? దీని మీద," అని మంగాయమ్మకేసి చెయ్యి చూపించాడు.

రోజారమణి ఏడ్చింది. అందరి ముందూ, మొహం దాచుకోకుండా ఏడ్చింది. అతను ఓదార్చలేకపోయాడు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, అతని పక్కనే కింది మెట్టు మీద చతికిలబడింది.

నాలుగింటికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎస్సై అందర్నీ లేచి వ్యాను ఎక్కమన్నాడు.

"ఎక్కగలిగితే ఇక్కడెందుకుంటాం బాబూ," అంది మంగాయమ్మ.

ఎత్తడం మొదలుపెట్టారు. రోజారమణి దగ్గరికొచ్చి, "నీకు కాళ్లు బాగానే ఉన్నాయిగా, నడువు," అంది ఒక మహిళా కానిస్టేబులు.

"నాను నడవను," అంది రోజారమణి.

సన్యాసిరాజుని ఎత్తబోయి ఇద్దరు కానిస్టేబుళ్లు తూలారు. పాత కలాసీ ఊరుకోలేకపోయాడు. "నడుం వంచకండి బాబూ, మోకాల్లు వంచండి. ఇద్దరూ ఒక్కసారే లెగాలి. ఊఁ, ఇప్పుడు." వాళ్లు అలాగే చేశారు, సులువుగా లేచాడు. ఇరవై రెండేళ్లు బరువులు మోసినవాడు ఆ రోజు తానే బరువయ్యాడు. సిగ్గేస్తుందనుకున్నాడు గానీ వెయ్యలేదు.

స్టేషన్లో రైటరు అందరి పేర్లూ రాసుకున్నాడు. రాసింది గట్టిగా చదివాడు. "...సదరు నలభై రెండు మందిలో అత్యధికులు స్వయంగా నడిచి వాహనం ఎక్కలేని స్థితిలో ఉన్నందున, సిబ్బంది ఎత్తి వాహనంలోకి చేర్చడమైనది."

చంద్రిక లేచి నిలబడింది. "సార్, ఆ వాక్యం మళ్ళీ చదవండి."

రైటరు అమాయకంగా మళ్ళీ చదివాడు. గదిలో గుసగుస మొదలైంది. పైఅంతస్తు ఆఫీసు వీళ్లు మెట్లెక్కగలరని రాసింది. పోలీసులు వ్యాను కూడా ఎక్కలేరని రాశారు. రెండూ ఒకే ప్రభుత్వం కాగితాలు.

"దాని నకలు మాకివ్వాలి," అంది చంద్రిక.

ఎస్సైకి అప్పుడు వెలిగింది. ఫోను పట్టుకుని బయటికి వెళ్లి పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. వచ్చి రైటరు ముందున్న కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. "కేసూ లేదు, ఏమీ లేదు. అందరూ ఇళ్లకి వెళ్లిపోండి."

 పొద్దుటి నుంచీ కూడగట్టుకున్నదంతా ఆ ముక్కలతో పాటు చెత్తబుట్టలో పడింది. నాగవంశీ మొండిచేత్తో గోడని గుద్దాడు. రోజారమణి కళ్లు మూసుకుంది.

సన్యాసిరాజుకి తుంటిలో రాడ్డు సలుపుతోంది. మాత్రలు అయిపోయి మూడు రోజులు. మెల్లగా అన్నాడు:

"సింపీండి బాబూ. మేం వచ్చే సోమవారం మల్లీ అక్కడే కూకుంటాం. మీరు మల్లీ వచ్చి ఎత్తాలి. ఎత్తితే మల్లీ రాయాలి. మీరెన్ని సింపుతారో సూద్దాం. మాకేటి వేరే పనుందా."

ఎస్సై కుర్చీ వెనక్కి తోసి లేచాడు. వెళ్లిపొమ్మని గుమ్మంకేసి చెయ్యి చూపించాడు. స్టేషనుకి ముందు అయిదు మెట్లున్నాయి. నలభై రెండు మందిలో ఒక్కరూ కదల్లేదు.

తెచ్చినవాళ్లే దింపాల్సి వచ్చింది. మంగాయమ్మని ఎత్తుకున్న కానిస్టేబులు కుర్రాడు మెట్టు మెట్టుకీ రొప్పుతున్నాడు. ఆమె అతని మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని, మొహంలోకి చూసి అడిగింది.

"సోమవారం డూటీ నీదేనా బాబూ? మోకాల్లు వంచి ఎత్తు. నడుం పోగలదు."